ముళ్ళకాయలు మేసే రేవు

సువా,
12 ఏప్రిల్ 1981

కాంతత్తయ్యకు ప్రభ నమస్కారాలు.

ఈసారి ఉత్తరమంతా నా పని గొడవే. కోప్పడకు.

మా లెక్చరర్ మిస్ డగ్లస్ న్యూజిలాండ్ ఆవిడ. ఆవిడ సువా రీఫు మీద ఒక పని చేస్తోంది. అదే పనిని పట్నానికి దూరంగా ఇంకోచోట చేసి చూడాలట. మీలో ఎవరికైనా లోతు లేని పగడపు దిబ్బ తెలుసా అని పోయిన వారం క్లాసులో అడిగింది. ఈ రెండేళ్ళలో క్లాసులో నేను నోరు తెరిచింది హాజరు పలకడానికే. చెయ్యి ఎప్పుడు ఎత్తానో నాకే తెలియదు. మా అత్తయ్యవాళ్ళ మారియమ్మ గుడి ముందు ఒకటుంది అన్నాను. ఈ అమ్మాయి మన క్లాసుదేనా అన్నట్టు అందరూ వెనక్కి తిరిగారు.

పని సముద్రపు ముళ్ళకాయల మీద. సెలవుల్లో నీ దగ్గరికి వచ్చినప్పుడు నా మడమలో విరిగితే బొప్పాయి పాలు రాసి తీశావే, అవే. అక్కడి పని మిస్ డగ్లస్ నాకే అప్పజెప్పింది. బాగా చేస్తే నా థీసిస్ అదే అవుతుంది. చెడగొడితే ఇంకొకరి పనిలో సీసాలు కడగాలి.

మే నెలలో మూడు వారాలు నీ దగ్గర ఉంటాను. ఇంకొక సంగతి. గుడి మనదే కాని ముందున్న రీఫు పక్కనున్న ఫిజియన్ల పల్లె, కొరో వాళ్ళది. అడగకుండా అందులో రాయి కదపకూడదు. మామయ్య నన్ను వాళ్ళ పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాలి. అడిగేటప్పుడు వాళ్ళ ముందు పెట్టడానికి, వాళ్ళు దంచి తాగే యంగోనా వేళ్ళ కట్ట నేనే ఇక్కడి మార్కెట్లో కొని తెస్తాను. మాట్లాడేది మామయ్య. నేను పక్కన కూర్చుంటాను.

ప్రభ


వాయినికోరో,
27 ఏప్రిల్ 1981

ప్రభ తల్లికి అత్త దీవెనలు.

నీ ఉత్తరం లంబాసా బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపారు. వాడు గేటు దగ్గర ఆపి, సువా నుంచి కలెక్టరమ్మ రాసింది అని అరిచాడు. బస్సులో అందరూ నవ్వారట. నేను మాత్రం, కలెక్టరమ్మే, నీకేం నొప్పి అన్నాను.

రా. మూడు వారాలు కాదు, మూడు నెలలుండు. నువ్వు రాసిన తెలుగులో తప్పులు తగ్గాయి. ఇంట్లోనూ పొలంలోనూ రోజంతా హిందీయే. ఇంగ్లీషు నాకు రాదు. మా నాన్న మనిద్దరికీ నేర్పిన అక్షరాలు ఇప్పుడు ఈ కాగితాల మీదే తిరుగుతున్నాయి. అందుకని థీసిస్ అయినా సరే, నాకు తెలుగులోనే రాయి.

ముళ్ళకాయల గురించి నువ్వు కాస్త చదివి చెప్పాల్సిందే. పోయిన ఏడు నిప్పుల గుండం రోజున సముద్రస్నానంలో మున్సామి కాలికి ముల్లు దిగింది. కుంటుకుంటూ నిప్పు దాటాడు. చూసినవాళ్ళు కాలు కాలిందనుకున్నారు. ఉపవాసంలో ఏదో తిన్నాడు, అందుకే అమ్మవారు కాల్చింది అని మొదలుపెట్టారు. వాడి పెళ్ళిమాట కూడా ఆగిపోయింది. ముల్లు చేసిన పనికి మనిషికి నింద. నేను ఇన్నేళ్ళుగా ఆడవాళ్ళ వరసలో ముందు నడుస్తున్నాను కదా, నా మాట కూడా ఎవరూ వినలేదు.

మామయ్య వస్తానన్నాడు. కొరోకి వెళ్ళేటప్పుడు ఆ పొట్టి గౌను వద్దు. లుంగీ చుట్టుకోవాలి. నా దగ్గర ఉంది.

అత్త


సువా,
9 జూన్ 1981

అత్తయ్యా,

క్షేమంగా చేరాను. పడవలో ఊరగాయ సీసా మూత ఊడి నా పుస్తకాలన్నీ మామిడికాయ వాసన. మిస్ డగ్లస్ పీల్చి బాగుందంది.

మామయ్యకి నా నమస్కారాలు చెప్పు. పెద్దాయన దగ్గర మాటలన్నీ ఆయనే చూసుకున్నాడు. నేను తల ఊపాను. లిటియా చాపలకవతల కూర్చుని నన్ను చూసి నవ్వుతూనే ఉంది. నీకు దవాకి, అదే తినే పొట్టి ముళ్ళ రకం, తెచ్చి మిరపకాయలు పట్టుకెళ్ళే లిటియా పెద్దాయన చెల్లెలని నాకు అప్పటిదాకా తెలియదు.

రేవులో తాడు కట్టిన గళ్ళు వారానికోసారి పోటు తగ్గినప్పుడు చూసి ఎలా ఉన్నాయో రాస్తావా? కొన్ని గళ్ళలో ముళ్ళకాయలు తీసేశాను. కొన్నింటికి వైరు బోను వేసి లోపల ఎక్కువ వదిలాను. కొన్ని ఉన్నవి ఉన్నట్టే. ఎందుకో తర్వాత వివరంగా రాస్తాను, ఇప్పుడు పరీక్షలు.

మునియ్యన్న చెరకు గ్యాంగు వాళ్ళు చివరిరోజున ఒడ్డున నిలబడి ఏం చేస్తున్నావని అడిగారు. ముళ్ళకాయలు తీస్తున్నాను అన్నాను. అంతమంది మగవాళ్ళు, పైగా తడిసిన బట్టలు. అంతకన్నా మాట రాలేదు.

ప్రభ


వాయినికోరో,
3 ఆగస్టు 1981

ప్రభ తల్లికి,

కూర్చుని చదువు. మంచి వార్త.

నీ పని పూర్తయింది.

గుండానికి ముందటి ఆదివారం మునియ్య వచ్చి వసారాలో కూర్చున్నాడు. ఆ పిల్ల మూడు వారాలు నీళ్ళలో వంగి వంగి నాలుగు గళ్ళే తీయగలిగింది, ఇంకా రేవంతా మిగిలిపోయింది, పరీక్షలని వెళ్ళిపోయింది, యూనివర్సిటీలో తిట్టరా అని వాడి బాధ. నాకూ అదే అనిపిస్తూ ఉండింది. మనలో ఒకరి చెరకు మిగిలిపోతే గ్యాంగంతా వెళ్ళి నరికి రాదా? వాడు బయట నిలబడ్డవాళ్ళతో, "ఈ లడ్కీ అకేలే కైసే కరీ? చలో, హమ్‌లోగ్ ఖలాస్ కర్ దేయీ" అన్నాడు. మిగతాది మనమే పూర్తిచేద్దామని అందరూ బయల్దేరారు.

పోటు తీసే వేళకి గ్యాంగు మొత్తం రబ్బరు బూట్లతో దిగింది. చెరకు కత్తులు, గోనెసంచులు. పొడవు ముళ్ళవి, పొట్టి ముళ్ళవి, ఏదీ వదల్లేదు. నీ బోన్లలో నువ్వు పోగుచేసి ఉంచినవి కూడా తీశారు. నేను ఒడ్డున రోటీలు, వంకాయ కూర పెట్టాను. మధ్యాహ్నానికి రేవు అలికిన ముంగిలిలా అయింది. గుట్టపోసి ఎండబెట్టాం, ఎండాక పొడిచేసి చెరకుకి సున్నం బదులు చల్లుతారట.

గుండం ఈ ఏడు ఎంత బాగా జరిగిందో! ఒక్క కాలికి ఒక్క ముల్లు లేదు. మున్సామి నిటారుగా నడిచాడు. అవతలి గట్టు దగ్గర వాడి పాదాలు వాళ్ళ అమ్మ అందరికీ ఎత్తి చూపించింది.

మామయ్య మిల్లు మీటింగులకని లంబాసాలో ఉన్నాడు, వచ్చాక ఆశ్చర్యపోతాడు. మీ మిస్ డగ్లస్‌కి చెప్పు, ఇలాంటి పనేదైనా ఉంటే వాయినికోరో వాళ్ళని పిలవమని.

అత్త


సువా,
14 ఆగస్టు 1981

అత్తయ్యా,

ఉత్తరం అందింది. గుండం బాగా జరిగినందుకు, మున్సామన్న నిలబడినందుకు సంతోషం.

ఇకమీదట రేవులో ఎవరూ ఏమీ తీయవద్దు. తాళ్ళు మిగిలి ఉంటే అలాగే ఉంచండి. మామయ్య రాగానే పెద్దాయన దగ్గరికి వెళ్ళమని చెప్పు.

ప్రభ


వాయినికోరో,
29 ఆగస్టు 1981

ప్రభకి,

నాలుగు ముక్కలు రాశావు. కరెంటు ఆఫీసు వాళ్ళు కూడా ఇంతకంటే ఎక్కువ రాస్తారు.

మామయ్య వచ్చాడు. విన్నాడు. అన్నం ముందు నుంచి లేచి, కంచంలో చెయ్యి కడిగి వసారాలోకి వెళ్ళిపోయాడు. పెద్దాయన నీతో అన్నదేమిటో అప్పుడు చెప్పాడు. మీరు అడిగారు కనుక ఈ గళ్ళు ఇస్తున్నాం, మిగతా రీఫు ఎలా ఉన్నదో అలాగే ఉండాలి అన్నాడట. నువ్వు తల ఊపావట. ఇది మీ ఇద్దరికీ తెలుసు. ఆదివారం వంట చేసి పెట్టిన నాకు తెలియదు.

లిటియా బుట్ట పట్టుకుని వచ్చింది. రేవు చూసింది. ఒడ్డున ఎండుతున్న గుట్ట దగ్గర కూర్చుని ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. మా గేటు ముందు నుంచే వెళ్ళింది. నేను పిలిచాను. ఆగలేదు. ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య మా పెళ్ళయినప్పటి నుంచి రాకపోకలున్నాయి. ఆగకుండా ఆవిడ వెళ్ళడం ఇదే మొదటిసారి.

మేం తీసింది ముళ్ళే కదా. చెరకులో కలుపు తీస్తాం, చెరకు బాగుపడుతుంది. సముద్రంలో తీస్తే ఏం పాడవుతుంది? కోపం పక్కన పెట్టి నాకర్థమయ్యేలా రాయి.

అత్త


సువా,
11 సెప్టెంబరు 1981

అత్తయ్యా,

కోపం నీ మీద కాదు. ఒడ్డున నిలబడ్డవాళ్ళకి ఒక్క వాక్యం ఎక్కువ చెప్పి ఉంటే సరిపోయేది. ఆ వాక్యం ఇప్పుడు రాస్తున్నాను.

ముళ్ళకాయ కలుపు కాదు. కలుపు తీసేది అదే.

దాన్ని తిరగేసి చూడు. అడుగున మధ్యలో నోరుంటుంది, నోట్లో అయిదు పళ్ళు. వాటితో రాయి మీది నాచుని గీరుతూ మెల్లగా నడుస్తుంది. మేకలు గట్టు మీద మేసినట్టు. అది మేసిన చోట రాయి శుభ్రంగా ఉంటుంది. పగడం పిల్లలు ఆవగింజ కంటే చిన్నవి, నీళ్ళలో కొట్టుకుంటూ వచ్చి అంటుకోడానికి అలాంటి శుభ్రమైన రాయే వెతుక్కుంటాయి. నాచు పెరిగిన రాయి మీద నిలవలేవు. నిలిచినవాటిని కూడా నాచు కప్పేస్తుంది. వచ్చే నెల మన వేసవి మొదలై నీళ్ళు వెచ్చబడగానే నీకే కనిపిస్తుంది.

అలాగని ఎన్ని ఉంటే అంత మంచిదని కాదు. వాటిని తినే చేపలని వలలతో ఊడ్చేసిన చోట ముళ్ళకాయలు మితిమీరి పెరుగుతాయి. అప్పుడు నాచు చాలక రాయినే గీరుతాయి, పగడం పిల్లల్ని రాయితోపాటే తినేస్తాయి. దిబ్బ లోపలి నుంచి గుల్లయిపోతుంది. తక్కువైతే నాచు, ఎక్కువైతే గుల్ల. మధ్యలో ఎంత అన్నదే నా పని. అందుకే కొన్ని గళ్ళు ఖాళీగా, కొన్ని కిక్కిరిసి, కొన్ని మామూలుగా ఉంచాను.

మిస్ డగ్లస్‌తో మొత్తం చెప్పాను. ఆవిడ కిటికీ వైపు చూస్తూ విన్నది. తర్వాత, పోయింది పోయింది, ఇప్పుడు ఆ రేవంతా నీకు ఒకే పెద్ద గడి, చిన్న గళ్ళలో తెలియనిది అందులో తెలుస్తుంది, కొలుస్తూ ఉండు అంది. కాని రీఫు వాళ్ళ అనుమతి పోతే నేను కాదు, యూనివర్సిటీయే అడుగు పెట్టకూడదు, డిసెంబరులోగా సరిచేసుకో, లేకపోతే వేరే పనిలోకి మారుస్తాను అంది. న్యాయంగానే అంది.

నాకు మారడం ఇష్టం లేదు. ఆ రీఫు బాగుపడుతుందని నాకు నమ్మకం ఉంది. నిలబెట్టుకోవలసింది మాట.

ప్రభ


వాయినికోరో,
30 అక్టోబరు 1981

ప్రభ తల్లికి,

నువ్వు రాసినట్టే అయింది. నాకు సంతోషంగా లేదు.

రేవు పచ్చబడింది. మొదట రాళ్ళ మీద వెంట్రుకల్లా మొలిచింది. ఇప్పుడు జానెడు గోధుమరంగు ఆకులు, అల వచ్చినప్పుడల్లా ఊగుతున్నాయి. మునియ్య చూడబోయి జారి వెల్లకిలా పడ్డాడు. ముల్లు గుచ్చుకోవడమే నయమన్నాడు. కొమ్ములు కొమ్ములుగా ఉండే ఊదారంగు పగడం ఆ ఆకుల కింద తెల్లగా పోయింది. నీ ఉత్తరం గ్యాంగువాళ్ళకి హిందీలో చెప్పాను. మేకల మాట దగ్గర అందరికీ అర్థమైంది. 

కొరో వాళ్ళు ఒడ్డున కర్ర పాతి కొబ్బరాకు కట్టారు. ఎవరూ దిగకూడదని దానర్థం. చేపలకి వాళ్ళూ దిగరు, స్నానానికి మనమూ దిగకూడదు. వచ్చే ఏడు గుండానికి సముద్రస్నానం ఎక్కడ అని పూజారి కిష్టయ్య రోజూ నన్నే అడుగుతున్నాడు.

మామయ్య రెండుసార్లు వెళ్ళాడు. పెద్దాయన కూర్చోబెట్టి టీ ఇచ్చాడు, యంగోనా కట్ట మాత్రం ముట్టుకోలేదు. "మాట ఇచ్చింది నువ్వు కాదు రంగస్వామీ. ఊ లడ్కీ కే బోలో, ఆకే బోలీ" అన్నాడట.

కనుక నువ్వే రావాలి, నువ్వే మాట్లాడాలి. పక్కన కూర్చుంటే కుదరదు.

అత్త


సువా,
6 జనవరి 1982

అత్తయ్యా,

డిసెంబరులో మనం కొరోకి వెళ్ళిన రోజు నువ్వు బయట ఆడవాళ్ళ దగ్గర ఉన్నావు. లోపల ఏం జరిగిందని దారంతా అడిగావు. నోటితో చెప్పడం నాకు చేతకాలేదు. రాస్తున్నాను.

మామయ్య, మునియ్యన్న నా వెనక కూర్చున్నారు. కట్ట చాప మీద పెట్టి రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాను. నేర్చుకున్న ఫిజియన్ మాటలు మూడు వాక్యాల తర్వాత అయిపోయాయి. మిగతాది హిందీలో చెప్పాను. మీరు అడిగింది ఒకటే, మిగతాది కదపవద్దని. నేను తల ఊపి వెళ్ళిపోయాను. మా వాళ్ళకి చెప్పలేదు. వాళ్ళు నాకు సాయం చేద్దామని చేశారు, మీ ఆడవాళ్ళ తిండి పోయింది. తప్పు సరిచేయడానికి ఏం చేయమంటే అది చేస్తాం అన్నాను.

పెద్దాయన లిటియా వైపు చూశాడు. ఆవిడ ఇదంతా జరుగుతుంటే చాప అంచు పీకుతోంది. ఏం చేస్తే సరవుతుందో చదువుకున్న నువ్వే చెప్పు అంది. బయటి రీఫు నుంచి ముళ్ళకాయలు తెచ్చి దింపాలి, మీ పడవలు కావాలి, మా మనుషులు మోస్తారు అన్నాను. ఎన్ని అంది. మునియ్యన్న వెనక నుంచి, పడవ నిండా, ఎన్ని పడితే అన్ని అన్నాడు. పాపం, తీసినదానికి రెట్టింపు ఇవ్వాలని ఆయన ఉద్దేశం.

వద్దన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. సువా రీఫులో కిక్కిరిసిన గళ్ళు ఏమయ్యాయో చెప్పాను. రాయి పిండైంది. మామయ్య అప్పుడు ఒక మాట సాయం చేశాడు, చెరకుకి ఎరువు ఎక్కువ వేస్తే మొక్క మాడదా మునియ్యా అని. నేను రెండు చేతులూ చాచి నేల మీద చూపించాను, ఇంత చోటుకి ఇన్ని, ఇంతకు మించి వద్దు, పొడవు ముళ్ళవి లోతు వైపు, దవాకి ఒడ్డు వైపు. లిటియా లేచి వచ్చి నా చేతుల మధ్య దూరం తన చేతులతో కొలుచుకుంది. ఆ తర్వాత రెండు రోజులు పడవల్లో ఆవిడ చేతులు చాచి చూపిస్తుంటే, గ్యాంగు నడుం లోతు నీళ్ళలో తడిగోనె మీద మోసుకెళ్ళి ఒక్కొక్కటే దించడం నువ్వూ చూశావు.

పెద్దాయన కట్ట తీసుకోలేదు, తిప్పి పంపనూ లేదు. చాప మీదే ఉంచమన్నాడు. దవాకి రేవులో నిలబడితే ఆ సంగతి మేమే మీ ఇంటికొచ్చి చెప్తాం, అప్పటిదాకా కర్ర తీయం అన్నాడు. మిస్ డగ్లస్‌కి అదే చెప్పాను. ఆగస్టు దాకా గడువు ఇచ్చింది.

సీసాలు కడగడం నేర్చుకుంటున్నాను, అవసరం పడుతుందని కాదు.

ప్రభ


వాయినికోరో,
18 ఏప్రిల్ 1982

ప్రభ తల్లికి,

కర్ర ఉంది కనుక నేను గట్టు మీద నుంచే చూస్తాను. పోటు బాగా తీసినప్పుడు కొబ్బరిచెట్టు మొదలు దాకా వెళ్ళి మెడ చాస్తాను. కిష్టయ్య ఇది చూసి, కొంగలా నిలబడ్డావేమిటమ్మా అన్నాడు.

నాచు మధ్యలో గుండ్రంగా బోడిమచ్చలు పడ్డాయి. ముందు అరచేతులంత, ఇప్పుడు చాటలంత. ఆ మచ్చల్లో రాయి గులాబీరంగులో ఉంది. ఒక్కో మచ్చలో ఒక్కో ముళ్ళకాయ, ఇంటావిడ ముంగిట్లో కూర్చున్నట్టు. కొన్ని దవాకులు తలమీద ఆకుముక్కలు, గవ్వలు పెట్టుకుని తిరుగుతున్నాయి. ఎండకట. దీన్నెవరు నేర్పారు వాటికి?

నిన్న లిటియా ఒక్కతే దిగి చూసింది. వంగి, చేయి పెట్టి, చాలాసేపు. ఏమీ తీసుకోలేదు. తిరిగి వెళ్తూ మా గేటు దగ్గర ఆగింది. లోపలికి రాలేదు. "కాంతా, మిర్చీ హై?" అంది.

దోసిలి నిండా కోసి ఇచ్చాను.  లోపలికి వచ్చి పొయ్యి ముందు కూర్చుని కాస్త ఏడ్చాను. మిరపకాయల చేత్తో కళ్ళు తుడుచుకున్నాను, ఆ పైన ఇంకా ఏడ్చాను. మామయ్య నవ్వాడు. ఇన్ని నెలల్లో ఆయన నవ్వడం ఇప్పుడే.

అత్త


వాయినికోరో,
9 ఆగస్టు 1982

ప్రభ తల్లికి,

జరిగింది జరిగినట్టు రాస్తాను. మధ్యలో ఆపి కోప్పడకు.

గుండానికి పసుపుదారం కట్టుకున్న నాలుగో రోజు. మేమంతా గుడిలోనే ఉన్నాం, నేల మీద పడక, ఉప్పు లేని ఒంటిపూట భోజనం. చేప, మాంసం మాట తలవకూడదు. సముద్రస్నానం సంగతి తేలలేదు. లారీలో ఏటికి వెళ్దామని కిష్టయ్య, అమ్మవారు సముద్రమే అడుగుతుందని ముసలివాళ్ళు. వాదులాడుకుంటూ ఉండగా గుడి గేటు దగ్గర పెద్దాయన, లిటియా, కొరో మగవాళ్ళు కొందరు కనిపించారు. మంచి బట్టలు కట్టుకుని వచ్చారు. 

లోపలికి రాలేదు. గేటవతల చాప పరిచి కూర్చున్నారు. మామయ్యా, మునియ్యా ఎదురు కూర్చున్నారు. నన్ను పిలిచారు. డిసెంబరులో ఆ పిల్ల పెట్టిన యంగోనా కట్ట దంచి తాగేశాం అన్నాడు పెద్దాయన. తీసుకున్నారన్నమాట.  అప్పుడు లిటియా మూత తీసి ఒక గిన్నె నా ముందు పెట్టింది. కొబ్బరి చిప్పలో పచ్చి దవాకి, నారింజరంగు తొనలు, పైన నిమ్మరసం. మన రేవులో మొదటిసారి పట్టినవి. ముందు వడ్డించేది నాకట. "ఖావో, కాంతా."

వెనక నుంచి కిష్టయ్య గొంతు సవరించుకున్నాడు. నా మణికట్టుకి దారం ఉంది. తింటే గుండం లేదు. ఇన్నేళ్ళలో నేను తప్పింది లేదు, జ్వరంలోనూ నడిచాను. ఈసారి మొక్కు నీ కోసమే, నీకు చెప్పలేదు.

మామయ్య లిటియాకి నెమ్మదిగా చెప్పాడు, ఉపవాసమని, గుండం అయ్యాక తింటుందని. లిటియా మొహంలో కోపం లేదు. "అచ్ఛా, బాద్ మే లే ఆయీ" అని గిన్నె మీద చెయ్యి వేసింది. పెద్దాయన కూడా తల ఊపాడు. వాళ్ళు నిజంగానే ఏమీ అనుకునేవాళ్ళు కాదు ప్రభా. ఇది గుర్తుంచుకో. నన్నెవరూ బలవంతం చేయలేదు.

ఆ ఆదివారం మేము ఒక్క పూట ఆగి కొరోకి వెళ్ళి అడగలేకపోయాం. ఇవాళ వాళ్ళు గిన్నె పట్టుకుని వస్తే, మీరు పది రోజులు ఆగండి అనడానికి నాకు నోరెలా వస్తుంది? ఆగమన్నాను లిటియాని. గుడిలోకి వెళ్ళి కిష్టయ్య ముందు చెయ్యి చాచాను. ఆలోచించుకో కాంతమ్మా అన్నాడు. నిప్పు వచ్చే ఏడూ ఉంటుంది, విప్పు అన్నాను. విప్పాడు. అమ్మవారికి దండం పెట్టి బయటికొచ్చి చాప మీద కూర్చుని గిన్నె అందుకున్నాను.

మొదటి తొన ఉప్పగా, రెండోది తియ్యగా, అంతా కలిపి ఇనుము నాకినట్టు. మొహం చిట్లించకుండా మింగాను. లిటియా నా మొహమే చూస్తోంది. ఇంకా కావాలా అంది. చాలు, కడుపు చిన్నదన్నాను. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. నవ్వింది.

కర్ర ఆ సాయంత్రమే తీశారు. స్నానానికి గుడి మెట్ల నుంచి నేరుగా ఒక బాట ఇచ్చారు, రెండు చెరకు సాళ్ళంత వెడల్పు. ఏటా గుండానికి ముందు ఆ బాటలోవి మాత్రం చేత్తో తీసి పక్కకి పెట్టాలి, చంపకూడదు. నీ గళ్ళు నువ్వు చదివినన్నాళ్ళు ఉంచుకోవచ్చు. ఆ మాట నీకు నేరుగా చెప్పమన్నాడు పెద్దాయన.

ఆడవాళ్ళ వరసలో ఈసారి మున్సామి భార్య ముందు నడిచింది. పెళ్ళైన మొదటి ఏడే. నేను గట్టు మీద నీళ్ళ బిందెతో నిలబడ్డాను. కాళ్ళు వాటంతటవే ముందుకు వెళ్ళబోయాయి. లిటియా నా మోచెయ్యి పట్టుకుంది.

అత్త


సువా,
27 ఆగస్టు 1982

అత్తయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాకోసం మొక్కుకున్నావని ఇప్పుడు తెలిసింది. ఆ మొక్కు దారం నాకోసమే విప్పించుకున్నావని కూడా.

నిన్న డిపార్ట్‌మెంటులో నా పని చెప్పాల్సిన రోజు. హవాయి నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసరు ముందు వరసలో కూర్చున్నాడు. డిసెంబరులో తీసిన ఖాళీ రేవు ఫొటోలు, నాచు, మళ్ళీ దించాక నువ్వు రాసి పంపిన మచ్చలు, సువా రీఫు మధ్యరకం గళ్ళలో పుట్టిన పగడం పిల్లలు వరసగా చూపించాను. భూతద్దం పెడితే కనిపించేటంత ఉన్నాయి, చిన్న చిన్న తెల్ల పువ్వుల్లా. ఎంత చోటుకి ఎన్ని ముళ్ళకాయలుంటే అవి నిలుస్తాయో చెప్పాను.  గ్యాంగు సంగతి దాచలేదు. రేవంతా ఖాళీ అవడం వల్లనే కదా ఈ లెక్క ఇంత స్పష్టంగా తేలింది. మిస్ డగ్లస్ వెనక గోడకి ఆనుకుని నిలబడింది, నాకోసం ఒక్క మాటా అందుకోలేదు. నేనూ ఆవిడ వైపు చూడలేదు.

చివర ఆ ప్రొఫెసరు అడిగాడు. ఒకసారి మాట తప్పిన చోట రీఫు సొంతదారుల అనుమతి మళ్ళీ సంపాదించడం ఎక్కడా చూడలేదు, మీరెలా తెచ్చుకున్నారు అని.

"మా అత్తయ్య తిని తెచ్చింది" అన్నాను.

హాలంతా నవ్వింది. నవ్వాక నేను కూర్చుంటాననుకున్నారు. కూర్చోలేదు. గిన్నె నుంచి దారం దాకా మొత్తం చెప్పాను. లిటియా తర్వాత తెస్తానన్నదని, నువ్వు ఆగమన్నావని. అప్పుడు ఎవరూ నవ్వలేదు. ఆయన కళ్ళద్దాలు తీసి, ఇది మీ థీసిస్‌లో ఉంటుందా అన్నాడు. మొదటి అధ్యాయం అన్నాను.

వచ్చే నెల పడవకి వస్తున్నాను. ముందు కొరోకి వెళ్ళి పెద్దాయనకి నేనే చెప్తాను, తర్వాతే నీళ్ళలోకి దిగుతాను. లిటియాని నాకూ ఒక గిన్నె పెట్టమను. మొహం చిట్లించనని మాత్రం మాటివ్వలేను.

నీ
ప్రభ